స్పాంజి కుదురు

ఫోమ్‌తో బొమ్మలు చేసేవాళ్లు ఎవరూ ముందుగా చెత్త గురించి ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. గద్వాలలో మేముండేది రేకుల ఇల్లు, అదీ అద్దెది. మా చర్చిలో క్రిస్మస్‌కు పశువుల పాక కడతారు. ఒక ఏడు గొర్రెపిల్ల బొమ్మను ఎలుకలు కొరికేస్తే కొత్తది ఎక్కడ దొరుకుతుందా అని అందరూ తలలు పట్టుకున్నారు. నా నోరు ఊరుకుంటుందా? "నేను చేస్త" అన్నాను. సోఫాలు బాగుచేసే దుకాణం ముందు పారేసిన స్పాంజి ఏరుకొచ్చి, ఫోన్లో వీడియో చూస్తూ, కత్తెరతో, బ్లేడుతో చెక్కాను. గొర్రెపిల్ల నిజంగానే గొర్రెపిల్లలా వచ్చింది. పాస్టరుగారి భార్య దాన్ని ఒళ్లో పెట్టుకుని మెచ్చుకుంది. ఇక అప్పటి నుంచి పట్టింది నాకు పిచ్చి.

ఏటేటా పాక పెద్దదైంది. గాడిద వచ్చింది, ఒంటెలు వచ్చాయి, థర్మాకోల్ కొండలు లేచాయి. గల్లీలో ఎవరు ఫ్రిజ్ కొన్నా, టీవీ కొన్నా పెట్టెలోని థర్మాకోల్ తెచ్చి మా గడపలో పడేసి పోయేవారు. బొమ్మ బాగా రావాలంటే బాగా కోయాలి, కోసిందంతా ముక్కలే. బియ్యం సంచులు నిండాయి. మంచం కింద సంచులు, అటక మీద సంచులు, చివరికి నా కుట్టు మిషన్ పక్కన కూడా సంచులే. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు వాటి మీదే కూర్చుని కొలతలు ఇచ్చేవారు. మా ఆయన ఆటో నడుపుతాడు. ఇంటికొచ్చి చెప్పులు విడిచే చోట సంచి కనిపిస్తే చాలు, మొదలుపెట్టేవాడు.

"మనమేమో కిరాయికి ఉన్నం, నీ స్పంజేమో సొంతింట్ల ఉన్నట్టుంది."

"నువ్వు తెచ్చిపెట్టిన పాత టైర్లు ఏడున్నయో చూసుకో ముందు" అనేదాన్ని నేను.

పారేద్దామంటే తీసుకునే దిక్కు లేదు. పాత సామాన్లు కొనేవాడు సంచి ఎత్తి చూసి పకపకా నవ్వాడు. "ఏమమ్మా, గాలి అమ్ముతున్నవా? కాంటనే కదుల్తలేదు" అన్నాడు. మున్సిపాలిటీ బండాయన, నీ ఒక్క సంచికే బండి నిండితే తక్కిన గల్లీ చెత్త నా నెత్తిన పెట్టుకోవాల్నా అన్నాడు. ఒకసారి ఒళ్లు మండి పెరట్లో అంటించాను. నల్లటి పొగ లేచింది. కరిగిన ఫోమ్ బొట్టు ఒకటి చిట్లి నా చీర కొంగుకు చిల్లు పెట్టింది. వెనకింటి పెద్దాయన దగ్గుకుంటూ వచ్చి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను కానీ, ఆయన తిట్టడం న్యాయమే. కుప్ప మీద వేస్తే బర్రెలు నమలడం మొదలుపెట్టాయి, వాటి నోట్లోంచి లాగడానికి మళ్లీ నేనే పరుగెత్తాను. అందుకని దిండ్లు కుట్టాను, కుర్చీలకు మెత్తలు కుట్టాను, పూలకుండీల అడుగున థర్మాకోల్ ముక్కలు వేశాను. ఎంత వాడినా సంచులు తరగలేదు.

అలాంటి రోజుల్లో నా తమ్ముడు హైదరాబాద్‌లో కట్టే బిల్డింగ్ మీద నుంచి పడ్డాడు.

సెంట్రింగ్ పని వాడిది. కాలి కింద చెక్క జారింది. ఇంకా పెళ్లి కాలేదు. మాకు నాన్న లేడు. ఉప్పునుంతల దగ్గరి పల్లెలో అమ్మ ఒక్కతే ఉండి కూలికి పోయేది. పనికి తీసుకుపోయిన మేస్త్రి వాడిని పెద్ద దవాఖానలో దించి, మందులు తెస్తానని చెప్పి పోయినవాడు మళ్లీ కనపడలేదు. వాడి ముఖం ఇప్పుడు ఎదురైనా నేను ఏం చేస్తానో నాకే తెలియదు. తమ్ముడి వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. గిల్లితే తెలియదు, కాలినా తెలియదు.

ఇంటికి పంపే ముందు డాక్టరు అమ్మనూ నన్నూ పక్కకు పిలిచి చెప్పాడు. ఎముక సంగతి మేం చూశాం, ఇంక వీపు సంగతి మీరు చూడాలి అన్నాడు. ఒకే తీరుగా పడుకోబెడితే ఒత్తిడికి పుండు పడుతుంది, వాడికి నొప్పి తెలియదు కాబట్టి మీరే చూసుకోవాలి, తరచూ పక్కకు తిప్పుతుండాలి అన్నాడు. పుండు పడకుంటే కొన్ని నెలల్లో చక్రాల కుర్చీలో కూర్చుంటాడు. పడితే మాత్రం ప్రాణానికే ముప్పు అన్నాడు. అమ్మ అన్నింటికీ తల ఊపింది. బయటికి వచ్చాక నన్ను అడిగింది: "వీపుకు పుండు కాకుంటే సాలు కదా బిడ్డా? కాకుంటే కూసుంటడు కదా?"

"కూసుంటడమ్మా" అన్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో మాటలన్నీ ఆ వీపు చుట్టే తిరిగాయి.

వాడిని పల్లెకు, అమ్మ దగ్గరికే తీసుకుపోయాం. తిప్పడమంటే చెప్పినంత తేలిక కాదు. వాడు ఆరడుగుల మనిషి. అమ్మ బక్కపలచటి ప్రాణం. పొద్దున వాడికి చేయాల్సినవన్నీ చేసి, గంజి తాగించి, ఒక పక్కకు తిప్పి కూలికి పోయేది. పోకపోతే పొయ్యి వెలగదు. మధ్యాహ్నం పక్కింటి వదిన వచ్చి ఇంకో పక్కకు తిప్పేది. ఆమె ఇంట్లో అత్త పక్షవాతంతో కాలు ఈడ్చుకుంటూ తిరిగేది, బర్రెలున్నాయి, ఆమె పనులు ఆమెకున్నాయి. అయినా ఒక్కరోజు మానకుండా వచ్చేది. చుట్టం కాదు, పక్కం కాదు. అట్లాంటి మనిషి ఉండబట్టే అమ్మ పనికి పోగలిగింది.

కొన్నాళ్లకు అమ్మ ఫోన్ చేసింది. "నడుము కింద ఎర్రగ అయిందే. మంచం నులక ఒత్తుకున్నట్టుంది. నీ కాడ స్పంజి ఉంది కదా, జర తెస్తవా?"

జీవితంలో మొదటిసారి నా సంచులను చూసి నాకు సంతోషం కలిగింది. ఎవడూ తీసుకోని చెత్త నా తమ్ముడికి అక్కరకొస్తుంది కదా అనుకున్నాను. ముక్కలన్నీ నేల మీద పోసి ఏరాను. థర్మాకోల్ గట్టిగా గుచ్చుకుంటుంది, పనికిరాదు. ప్యాకింగ్ ఫోమ్ పల్చన. సోఫా స్పాంజి మంచిది. పాత చీరలతో బొంత కుట్టినట్టు, రెండు చీరల మధ్య స్పాంజి ముక్కలు పరిచి, కదలకుండా గళ్లు గళ్లుగా కుట్టాను. మిగిలినవి ఇంకో సంచిలో కుక్కాను. ఈసారి మా ఆయనే సంచులు ఆటోలో పెట్టి బస్టాండ్‌లో దింపాడు.

కండక్టరు నాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి, మూటలను ఎగాదిగా చూశాడు.

"నీకు టికెట్ లేదమ్మా, సరే. ఈ రెండు మూటలు ముగ్గురి జాగ తిన్నయి, వీటికేం కొట్టాలె?"

"అవి కూడ ఆడోళ్లే అనుకో అన్నా" అన్నాను. బస్సులో నవ్వారు, నేనూ నవ్వాను. వనపర్తిలో దిగి, మూత్రం తడి లోపలికి దిగకుండా పైన వేయడానికి రెగ్జిన్ గుడ్డ కొన్నాను. నాగర్‌కర్నూల్‌లో ఇంకో బస్సు మారి ఊరు చేరేసరికి ఎండ వాలింది.

తమ్ముడు నన్ను చూసి మొదట అన్న మాట: "అక్కా, గొర్రెపిల్లలు కోసినంక మిగిలిన తుక్కు నాకు తెచ్చినవా?"

"నీకు గదే ఎక్కువ పో" అన్నాను. వాడిని పక్కకు ఒత్తిగిల్లించి చూశాను. నడుము కిందుగా, ఎముక ఉబ్బెత్తుగా ఉన్న చోట చర్మం రేగుపండంత మేర ఎర్రబడి, మధ్యలో కొంచెం చెమ్మగా ఉంది. నొక్కితే వాడికి తెలియలేదు. "ఎట్లుంది? పెద్దగుందా?" అని గోడవైపు ముఖం పెట్టుకునే అడిగాడు. చిన్నదే అని చెప్పాను. నిజంగానే అప్పటికది చిన్నదే.

బొంత పరిచాం, రెగ్జిన్ వేశాం, మోకాళ్ల మధ్య ఒక ముక్క, పిక్కల కింద ఒక ముక్క పెట్టాం. మడమలు బొంతకు తాకకుండా తేలాయి. అమ్మ అటు తిరిగి ఇటు తిరిగి చూసింది. ఆమెకు తృప్తి కలగలేదు.

"ఎంత మెత్తగుంటె మాత్రం ఏంది, పుండు దానికి తగుల్తనే ఉంది కదనే. తగుల్తుంటె ఎట్ల మానుతది?"

అని లోపలికి పోయి, నీళ్ల కుండ కింద ఉన్న గడ్డి కుదురు తీసుకొచ్చింది. కుండకు అడుగు గుండ్రంగా ఉంటుంది కదా, కుదురు లేకపోతే నిలవదు. కుదురు మీద పెడితే కుండ అడుగు నేలకు తగలకుండా మధ్యలో తేలుతుంది. అమ్మ పుట్టినప్పటి నుంచి కుదుర్లతోనే బతికింది. నీళ్ల బిందె కింద, మట్టి తట్ట కింద నెత్తి మీద గుడ్డ చుట్ట పెట్టుకునే ఇన్నేళ్లు మోసింది. ఆ గడ్డి కుదురును మంచం మీద పెట్టి, మధ్యనున్న ఖాళీలో వేలు ఆడించి చూపింది.

"గిట్ల స్పంజితోని చేస్తె? పుండు నడుమ ఖాళీల ఉంటది. దేనికీ తగలదు. నేను పొద్దుందాక లేకపోయినా రంది లేదు."

నాకూ అదే సరైనదనిపించింది. ఎవరికనిపించదు? సోఫా స్పాంజిలో మందంగా ఉన్న ముక్క ఒకటి తీసి, పళ్లెం పెట్టి గీత గీసి, గుండ్రంగా కోసి, మధ్యలో బొక్క చేశాను. అమ్మ దాని చుట్టూ తన మెత్తటి పాత చీర చింపి చుట్టింది. వాడిని లేపి కింద పెట్టాం. పుండు సరిగ్గా బొక్కలో పడింది.

"నన్ను కుండను చేసినవ్ కదనే అమ్మా" అన్నాడు తమ్ముడు.

"పగులకుంటే సాలు కొడుకా" అంది అమ్మ. ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో అంత బాగా నవ్వింది అదే చివరిసారి.

తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్లో అడిగేదాన్ని. అమ్మ గొంతులో ఆశ పెరుగుతూ వచ్చింది. చెమ్మ పోయింది అంది. ఎండుతుంది అంది. ఒకరోజు, "పక్కు కట్టిందే! నల్లగ, గట్టిగ పక్కు కట్టింది. ఇంక కింద కొత్త తోలు వస్తది" అని చెప్పి ఏడ్చింది. చర్చిలో కృతజ్ఞత ప్రార్థన చేయించింది. మోకాలు చెక్కుకుపోతే నల్లటి పక్కు కడుతుంది, అది రాలితే గాయం మానినట్టే. చిన్నప్పటి నుంచి మా అందరికీ తెలిసింది అదే. నల్లబడిన చర్మం చచ్చిన చర్మం కూడా కావచ్చునని మాకెవరు చెప్పారు? కుదురు మీద నమ్మకం కుదిరాక తిప్పడం కూడా తగ్గింది. మధ్యాహ్నం వదిన వస్తే తమ్ముడే, "వద్దులే వదినా, ఖాళీల ఉంది కదా, నీ పని చేసుకో పో" అనేవాడట. అందరికీ భారమైపోయానన్న బాధ వాడికి లోలోపల ఉండేది.

ఇంకో పక్క తడిసిన స్పాంజి ఒక పెద్ద పీడగా తయారైంది. రెగ్జిన్ అంచుల నుంచి తడి దిగేది. స్పాంజి ఒకసారి మూత్రం పీల్చిందంటే ఎన్నిసార్లు ఉతికినా వాసన పోదు, ఎండలో వేసినా లోపల ఆరదు. నేను వెళ్లినప్పుడల్లా బొంత విప్పి, పాడైన ముక్కలు తీసేసి కొత్తవి కూరేదాన్ని. తీసేసిన వాటిని అమ్మ ఊరి బయట పెంటకుప్ప మీద వేసేది. కుక్కలు పీకి పంచిపెట్టాయి. గాలికి ముక్కలన్నీ పక్క చేనులో పడ్డాయి. పత్తి చేను అది, కాయ పగిలి తెల్లగా ఉంది. చేనాయన అమ్మ రోజూ కూలికి పోయే ఆసామే. ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏందిది? పత్తిల స్పంజి కలుస్తుంది. రేపు మార్కెట్ల గిది చూస్తె నా మాల్ ఎవడు కొంటడు? నీ కొడుకు సంగతి నాకు తెల్వదా, నేను కాదంటలేను. కానీ గిట్ల జేస్తె ఎట్ల?"

అమ్మ సంచి పట్టుకుని పోయింది. నేనూ వెనకే వెళ్లాను. మొక్కల మధ్య వంగి, పసుపుపచ్చగా మారిన ముక్కలు ఒక్కొక్కటే ఏరాం. కొన్ని పత్తికి అంటుకుని పీకితే తునకలయ్యేవి. నేను గద్వాలలో గొర్రెపిల్ల కోసం చెక్కి పారేసిన తుక్కును, మా అమ్మ పరాయి చేనులో ముక్కు మూసుకుని ఏరుతుంటే నా మీద నాకే కంపరం పుట్టింది. ఆ తర్వాత తీసేసినవి గుంత తీసి పూడ్చడం మొదలుపెట్టాం.

చలి మొదలయ్యాక తమ్ముడికి జ్వరం పట్టుకుంది. మాత్ర వేస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. ఇంట్లో ఒక వాసన. తడిసిన స్పాంజి వాసనే అని బొంత మొత్తం మార్చాం. పోలేదు. ఆ నల్లటి పక్కు అంచు లేచి, కింది నుంచి చీము కారడం నేను చూసిన రోజే అంబులెన్సుకు ఫోన్ చేశాను. నాగర్‌కర్నూల్ దవాఖానకు పోతుంటే దారి పొడవునా వాడు ఒక్కటే మాట అడిగాడు: "మానుతుందన్నరు కదక్కా?"

దవాఖానలో పక్కకు తిప్పగానే నర్సమ్మ ముఖం మాడిపోయింది. కింద నుంచి కుదురు లాగి చూసి, నన్ను వరండాలోకి పిలిచింది. అమ్మ అప్పుడు నల్లా దగ్గర వాడి బట్టలు పిండుతోంది.

"గిది ఎవరు పెట్టమన్నరమ్మా? దవాఖానల చెప్పిన్రా?"

"ఎవరూ చెప్పలే. పుండు తగలకుండ ఉంటదని మేమే చేసినం."

"అయ్యో. సుట్టూ ఇంత బిర్రుగ ఒత్తుకుంటె నడుమకు నెత్తురు ఎట్ల పోతది? నెత్తురు లేకుంటె కండ సచ్చిపోతది. నల్లగ అయినప్పుడన్న తేవద్దా?" ఆమె గొంతులో కోపం ఉంది, నన్ను చూశాక అది తగ్గింది. "మంచికే చేసిన్రు, నాకు తెల్సు. సానమంది గిట్లనే జేస్తరు. ఇంక మాత్రం పెట్టకున్రి. పరుపు సాపుగ ఉండాలె, పక్కకు తిప్పుతుండాలె, గంతే."

డాక్టరు ఆ నల్లటి చర్మం కోసి తీశాడు. కింద గుంత. లోపల ఎముక తెల్లగా కనిపించింది. అది చూసిన కళ్లతో ఇప్పటికీ అన్నం ముందు కూర్చోవడం కష్టంగా ఉంటుంది.

అమ్మ బట్టలు ఆరేసి వచ్చి, మంచం కింద పడి ఉన్న కుదురును తీసి దులిపి సంచిలో పెట్టుకుంది. "ఇంటికి పోయినంక మళ్ల కావాలె కదా" అంది. అక్కడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆమె చేతులు చూశాను, సబ్బు నీళ్లకు నాని తెల్లబడి ఉన్నాయి. నోరు మూసుకున్నాను. ముందు వాడు బాగుపడనీ, తర్వాత చెప్పొచ్చు అనుకున్నాను. వాడు బాగుపడలేదు. విషం రక్తానికి ఎక్కిందన్నారు. సంక్రాంతి కోతలకు అందరూ పనుల మీద ఉండగా, ఒక పొద్దుటి పూట, అమ్మ వాడి నుదుటి మీద తడిబట్ట వేస్తుండగానే పోయాడు.

మా ఊరి సమాధుల తోటలో పెట్టాం. చనిపోయినవాళ్ల పక్కబట్టలు ఇంట్లో ఉంచరు కదా, బొంత, దిండ్లు, మోకాళ్ల మధ్య ముక్కలు, అన్నీ ఊరి బయటికి తెచ్చారు. కాలిస్తే ఆ పొగ ఊరంతా కమ్ముతుంది. పడేస్తే మళ్లీ పత్తి చేను. వాడి స్నేహితులు లోతుగా గుంత తవ్వి అన్నీ అందులో తొక్కి మట్టి కప్పారు. స్పాంజి కదా, ఎంత తొక్కినా మట్టి మళ్లీ పైకి ఉబ్బింది. వాళ్లు రాళ్లు తెచ్చి పెట్టారు. అమ్మ మాత్రం అంతసేపూ ఏడవలేదు. వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పింది: "నా కొడుకుకు ఏ సుఖం ఇయ్యలేకపోయిన. ఆ కుదురొక్కటే. దాని మీద కొన్నొద్దులు సుఖంగ పండిండు." నేను పక్కనే కూర్చుని విన్నాను. అవునమ్మా అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె నిలబడి ఉందని అందరికీ తెలుస్తూనే ఉంది. దాన్ని లాగేసే ధైర్యం నాకు లేదు, లాగాల్సిన అవసరమూ లేదనుకున్నాను. పోయినవాడు పోయాడు, ఇంక ఆ నిజంతో ఎవరికేం పని?

వచ్చే క్రిస్మస్‌కు నేను పాక బొమ్మలు చేయనని చర్చిలో చెప్పేశాను. మిగిలిన సంచులు అటక మీదే ఉండిపోయాయి.

ఎండాకాలంలో అమ్మ ఫోన్ చేసింది. చాలా రోజుల తర్వాత గొంతులో కొంచెం ప్రాణం ఉంది. "స్పంజి ఇంకా ఉందానే? మందంగ ఉండేటివి జర పట్టుకరా" అంది. దిండు కోసమేమో, ఏదో ఒక పని మీద పడింది, మంచిదే అనుకున్నాను. రెండు సంచులు కట్టుకుని అదే దారిలో అన్ని బస్సులూ మారి పోయాను.

అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ముందర కత్తెర, పళ్లెం, పాత చీర పీలికలు. నన్ను చూడగానే ముఖం వెలిగింది.

"పక్కింటామె అత్తకు మళ్ల పక్షవాతం వచ్చి పూరాగ మంచాన పడ్డది. వీపుకు ఎర్రగయింది. పాపం ఆ కోడలు నా కొడుకును ఎన్నొద్దులు తిప్పిందే! ఆమె రుణం నేనెప్పుడు తీర్చుకోవాలె? అందుకే గుంతల వెయ్యకుండ దాసిపెట్టుకున్న నా కొడుకు కుదురు దీసి నిన్న ఇచ్చిన. అది పాతగయింది, కొత్తది చేసిస్త. ఈ సుట్టుపక్కల ఎవరు మంచాన పడ్డా చేసిస్త అని చెప్పిన."

నిన్ననే ఇచ్చింది. అంటే నిన్నటి నుంచి ఆ ముసలామె దాని మీదే ఉంది.

"అమ్మా, కత్తెర పక్కన పెట్టు."

"ఎందుకే?"

ఎట్లా చెప్పాలో ఎన్నో విధాల అనుకుని ఉంటాను. నోటికి వచ్చింది మాత్రం మొరటుగా వచ్చింది. "కుదురు పెట్టొద్దట. దవాఖానల నర్సమ్మ చెప్పింది. సుట్టూ ఒత్తుకుని నెత్తురు పోకనే తమ్ముని పుండు నల్లగయింది. అది పక్కు కాదు. కండ సచ్చిపోయింది."

అమ్మ నన్నే చూసింది. అర్థం కాలేదేమో అనుకున్నాను. పళ్లెం మీద వేలు పెట్టి నెమ్మదిగా గీత వెంబడి తిప్పింది.

"నీకు ఎప్పటి సంది తెల్సు?"

"దవాఖానకు తీస్కపోయిన్నాటి సంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు తట్టుకోలేవని" అన్నాను. నా మాట నాకే అసహ్యంగా వినిపించింది. తిడుతుంది, కొడుతుంది, కుప్పకూలుతుంది అనుకున్నాను. అమ్మ లేచింది. కొంగు నడుముకు దోపుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో పక్కింట్లోకి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

వదిన పొయ్యి దగ్గరుంది. ముసలామె వెల్లకిలా పడుకుని ఉంది, నోరు ఒక పక్కకు వాలి ఉంది.

"కుదురు తియ్యి" అంది అమ్మ.

"ఎందుకు పెద్దమ్మా? మంచిగనే ఉంది కదా. తగుల్తలేదు."

"తియ్యి ముందు. గిది పెట్టే నా కొడుకును పోగొట్టుకున్న."

వదిన చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అట్లనకు పెద్దమ్మా. నువ్వెట్ల సాదినవో నేను చూడలేదా? కండ్లల్ల పెట్టుకుని సాదినవ్."

"సాదిన. సాదుతున్న అనుకుంటనే సంపిన. తెల్వక చేసిన. నీకిప్పుడు తెల్సింది, నువ్వు చెయ్యకు."

వదిన నా వైపు చూసింది. నేను తల ఊపాను. గరిటె పడేసి వచ్చింది. ముసలామె బరువైన మనిషి. నేను భుజం కింద చేయి పెట్టి ఎత్తి, నా వైపు ఒత్తిగిల్లించి పట్టుకున్నాను. వదిన కుదురు లాగేసింది. అమ్మ వంగి, వీపు దగ్గర ముఖం పెట్టి చూసింది. ఎర్రటి మచ్చ చుట్టూ కుదురు అచ్చు గుండ్రంగా దిగి ఉంది. అమ్మ వేలితో మచ్చ మీద నొక్కి, వదిలి, మళ్లీ నొక్కి చూసింది.

"ఇంకా ఎర్రగనే ఉంది. నల్లగ కాలే" అంది.

ఆ మాట అంటూనే మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "నా కొడుకా, నా కొడుకా" అని నేల మీద చేతులతో కొట్టుకుంటూ ఏడ్చింది. వదిన బిత్తరపోయి కుదురు చేత పట్టుకునే నిలబడింది. నేను అమ్మ దగ్గరకు పోవాలి. కానీ నా రెండు చేతుల మీద ముసలామె ఉంది, వదిలితే మళ్లీ ఆ పుండు మీదికే పడుతుంది. అమ్మ నా కాళ్ల దగ్గర ఏడుస్తుంటే, నేను ముసలామెను అలాగే పట్టుకుని నిలబడ్డాను.